నెమ్మదిగా కోస్తే అంచు బాగా వస్తుందా? ప్లాస్మా కటింగ్‌లో స్లాగ్, ఏటవాలు, రంధ్రాల సంగతి

మీరు అడిగింది ఇదీ: ఎనిమిది నెలల కిందట సీఎన్‌సీ ప్లాస్మా టేబుల్ (కంప్యూటర్ నడిపే ప్లేట్ కటింగ్ మెషిన్) పెట్టారు. ట్రాక్టర్ పనిముట్లకి ఫ్లాంజిలు, బేస్ ప్లేట్లు కోస్తున్నారు. 6 ఎంఎం, 10 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్లు, రెండింటికీ 80 ఆంప్సే. ముక్క కింద లావుగా స్లాగ్ (కరిగి గడ్డకట్టిన ఇనుము) వేలాడుతోంది. అంచు కొన్ని ముక్కలకి ఏటవాలుగా వస్తోంది, కొన్నిటికి బాగానే ఉంటోంది. 10 ఎంఎంలో 12 రంధ్రం కోస్తే 12 బోల్టు దిగడం లేదు. "శుభ్రంగా వస్తుందేమోనని స్పీడ్ తగ్గించుకుంటూ 1500కి తెచ్చాను అన్నా, ఇంకా పాడైంది. గ్రైండింగ్‌కి ఇద్దరు కుర్రాళ్ళు చాలడం లేదు" అన్నారు.

సూటిగా చెప్పాలంటే, మీ 6 ఎంఎం స్పీడ్ ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. 80 ఆంప్స్ మీద 6 ఎంఎం ప్లేట్ నిమిషానికి 3000 ఎంఎం దాటి నడవాలి. నా దగ్గరున్న 85 ఆంప్స్ మెషిన్ 3500 దగ్గర నడుస్తుంది. 10 ఎంఎంకి 1500 తప్పేమీ కాదు, అది దాదాపు సరైన స్పీడే. రెండు మందాలకీ ఒకటే స్పీడ్ పెట్టడం దగ్గర మొదటి తప్పు జరిగింది. ఏటవాలు కొన్ని ముక్కలకే వస్తోందంటే టార్చ్ (కోసే తల) ఆ ముక్కల చుట్టూ తప్పు దిక్కున తిరుగుతోందని నా అనుమానం. ఇక 10 ఎంఎంలో 12 రంధ్రం ఎయిర్ ప్లాస్మాని (మామూలు గాలితో కోసే ప్లాస్మాని) అడగకూడని పని. దాని గురించి కింద చెబుతాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ప్రొఫైల్ కటింగ్ చేస్తాను. ప్లాస్మా పెట్టక ముందు చాలా ఏళ్ళు గ్యాస్ కటింగే, చేత్తోనూ కోశాను, పగ్ మెషిన్ (పట్టాల మీద తనంతట నడిచే గ్యాస్ కటింగ్ బండి) మీదా కోశాను. మీరు చేసిన తప్పే నేనూ మొదటి ఏడాదంతా చేశాను కాబట్టి అది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. గ్యాస్ కటింగ్‌లో ఆక్సిజన్ ఇనుమును కాలుస్తుంది. ప్లేట్ ఎర్రగా వేడెక్కాలి, మంట నిలకడగా దిగాలి, అందుకని తొందర పడకూడదని మనకి నేర్పుతారు. ప్లాస్మా అలా పని చేయదు. ఆర్క్ లోహాన్ని కరిగిస్తుంది, వెనకే వచ్చే గాలి ఆ కరిగినదాన్ని కిందికి ఊది పారేస్తుంది. ఆర్క్‌కి ఎప్పుడూ ఎదురుగా లోహం దొరకాలి. మీరు నెమ్మదిగా నడిపితే ముందున్న లోహం అప్పటికే కరిగిపోయి ఉంటుంది. అప్పుడు ఆర్క్ అంటుకోవడానికి పక్కలకి పోతుంది, కోత వెడల్పవుతుంది, వెడల్పయిన కోతలో గాలి జోరు పడిపోతుంది. ఊడిపడాల్సిన ఇనుము కింద అంచుకే అంటుకుని గడ్డకడుతుంది. మీరు చూస్తున్న లావు స్లాగ్ అదే.

స్లాగ్ రెండు రకాలు. ఏది ఏదో గుర్తుపట్టడం వస్తే సగం పని అయినట్టే. ముక్కని తిరగేసి ఉలితోనో పాత స్క్రూడ్రైవర్‌తోనో ఒక్క పోటు పొడవండి. లావుగా, బుడగలు బుడగలుగా ఉండి, పట్టీలా పొడుగ్గా ఊడొస్తే స్పీడ్ తక్కువ. సన్నగా, వెల్డింగ్ పూసలా గట్టిగా కరుచుకుని, గ్రైండర్ పెడితే గానీ పోకపోతే స్పీడ్ ఎక్కువ. ఈ రెండో రకానికి భయపడే చాలామంది స్పీడ్ తగ్గించడం మొదలుపెడతారు. తగ్గించి తగ్గించి, సరైన చోటు దాటిపోయి, మొదటి రకంలో పడతారు. మధ్యలో ఒక జాగా ఉంటుంది, అక్కడ స్లాగ్ దాదాపు ఉండదు. 6 ఎంఎంకి ఆ జాగా వెడల్పుగానే ఉంటుంది, 10కి కొంచెం ఇరుకు, 16 దాటితే దాన్ని వెతుక్కోవాలి.

మీరు ఎలా వెతకాలంటే: టార్చ్‌లో కొత్త ఎలక్ట్రోడ్ (ఆర్క్ పుట్టే ముక్క), కొత్త నాజిల్ (ఆర్క్ బయటికొచ్చే రంధ్రం ఉన్న మూతి) వేయండి. ఒక 6 ఎంఎం తుక్కు ప్లేట్ మీద 150 ఎంఎం పొడుగు గీతలు ఆరు, పక్కపక్కనే. మొదటిది 2600, తర్వాత 2900, 3200, 3500, 3800, 4100. ప్రతి గీత పక్కన సుద్దతో స్పీడ్ రాయండి. ఇంకేమీ మార్చొద్దు, ఆంప్స్ అదే, హైట్ అదే. చల్లారాక ముక్కలు విడదీసి అంచు మీద పడిన గీతలు చూడండి. టార్చ్ నడిచిన దిక్కుకి వెనక్కి కొంచెం వాలి ఉన్న సన్న గీతలు మంచివి. బాగా వంగి, కింది భాగంలో వెనక్కి ఈడ్చినట్టుంటే స్పీడ్ ఎక్కువ. నిట్టనిలువుగా ఉండి, కింద లావు స్లాగ్ కనిపిస్తే తక్కువ. ఈ ఆరు గీతల ముక్కని నేను పారేయలేదు, గోడకి మేకు కొట్టి వేలాడదీశాను. కొత్తగా వచ్చిన ఆపరేటర్‌కి నేను చెప్పేదానికంటే ఆ ముక్క ఎక్కువ నేర్పుతుంది.

ఇక్కడో చిక్కు ఉంది. మీ టేబుల్ 3500 అందుకోగలదా? స్క్రీన్ మీద 3500 అని పెట్టినంత మాత్రాన టార్చ్ 3500లో నడవదు. చిన్న ముక్కల్లో, మూలల దగ్గర మెషిన్ వేగం పుంజుకునేలోపే మళ్ళీ తగ్గాల్సి వస్తుంది. అందుకే పొడుగు అంచు శుభ్రంగా ఉండి, మూలల్లో మాత్రం స్లాగ్ గడ్డ కడుతుంది. అలాంటి టేబుల్ అయితే ఇంకో దారి ఉంది: ఆంప్స్ దించండి. 45 ఆంప్స్ నాజిల్ వేసి, 45 ఆంప్స్ పెట్టి 6 ఎంఎం కోస్తే, 1500 దగ్గరే చక్కటి అంచు వస్తుంది. కోత కూడా సన్నగా ఉంటుంది. అంటే మీరు పెట్టిన 1500 వేరే ఆంప్స్‌కి సరైన నంబరు. ఉత్పత్తి తగ్గుతుంది, నిజమే. కానీ గ్రైండింగ్ మనుషుల కూలీ కలిపి లెక్క వేసుకుంటే చిన్న ముక్కలకి ఇదే గిట్టుబాటు అని నా లెక్క.

ఒక్క జాగ్రత్త. ఆంప్స్ మార్చితే నాజిల్ కూడా మార్చాలి. 80 నాజిల్ ఉంచేసి ఆంప్స్ 45కి తగ్గిస్తే ఆ పెద్ద రంధ్రంలో ఆర్క్ బిగువు లేకుండా వదులుగా దిగుతుంది, ఏటవాలు పెరుగుతుంది. చిన్న నాజిల్‌లో ఎక్కువ ఆంప్స్ తోస్తే నిమిషాల్లో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మా ఏరియాలో చాలా షెడ్లలో ఒకటే నాజిల్‌తో 3 ఎంఎం నుంచి 16 దాకా లాగిస్తారు, మళ్ళీ మెషిన్‌ని తిడతారు.

ఇప్పుడు ఏటవాలు. టార్చ్ లోపల గాలిని స్విర్ల్ రింగ్ సుడి తిప్పి వదులుతుంది. ఆ సుడి వల్ల కోతకి రెండు పక్కలూ ఒకేలా రావు. ఒక పక్క దాదాపు నిలువుగా వస్తుంది, రెండో పక్క ఎక్కువ వాలుతుంది. మామూలు టార్చ్‌లన్నిటికీ మంచి పక్క కుడి చేతి వైపు ఉంటుంది. టార్చ్ వెళ్ళే దిక్కుకి మొహం పెట్టి నిలబడ్డారనుకోండి, మీ కుడి వైపున్నది మంచి అంచు, ఎడమ వైపున్నది తుక్కుకి పోవాల్సిన అంచు. అందుకని ముక్క బయటి అంచుని గడియారం ముల్లు తిరిగే దిక్కున కోయాలి, లోపలి రంధ్రాలని దానికి ఎదురు దిక్కున కోయాలి. అప్పుడు రెండు చోట్లా ముక్క కుడి వైపే ఉంటుంది.

ఇది అందరికీ తెలిసిందే, సాఫ్ట్‌వేర్ తనంతట తానే చూసుకుంటుంది అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఒకసారి లారీ బాడీకి బ్రాకెట్లు, కుడివి 40, ఎడమవి 40, ఒకే ప్లేట్ మీద వేశాం. కుడివన్నీ బాగా వచ్చాయి, ఎడమవన్నీ వాలుగా వచ్చాయి. నాజిల్ మార్చాం, హైట్ మార్చాం, సాయంత్రం దాకా కొట్టుకున్నాం. చివరికి స్క్రీన్ దగ్గర కూర్చుని టార్చ్ తిరగడం చూస్తే అర్థమైంది. మా కుర్రాడు ఎడమ బ్రాకెట్ కొత్తగా గీయలేదు. కుడి బ్రాకెట్ కటింగ్ ప్రోగ్రాంనే కంట్రోలర్‌లో మిర్రర్ కొట్టాడు. మిర్రర్ కొడితే బొమ్మతో పాటు తిరిగే దిక్కు కూడా తిరగబడుతుంది. మంచి అంచు పోయి తుక్కులో కూర్చుంది! మీకు కొన్ని ముక్కలకే ఏటవాలు వస్తోందన్నారు కదా, మొట్టమొదట ఇది చూడండి. మిర్రర్ కావాలంటే డ్రాయింగ్‌లో కొట్టి, ఆ తర్వాత కటింగ్ దారి కొత్తగా వేయించాలి.

దిక్కు సరిగ్గా ఉన్నా ఏటవాలు వస్తుంటే 100 బై 100 చదరం ఒకటి కోయండి. తీయకముందే దాని మీద సుద్దతో పై వైపు ఏదో, మీరు నిలబడిన వైపు ఏదో బాణం గుర్తు వేయండి. గుర్తు వేయకుండా తీస్తే ఆ పరీక్ష దండగ. తర్వాత నాలుగు అంచులకీ మూలమట్టం ఆనించి వెలుతురుకి పట్టి చూడండి.

నాలుగు వైపులా ఒకేలా వాలి, ముక్క పైముఖం కిందిముఖం కంటే చిన్నగా ఉంటే టార్చ్ ఎత్తులో ఉంది, లేదా స్పీడ్ ఎక్కువగా ఉంది. నాలుగు వైపులా లోపలికి కోసుకుపోయి కిందిముఖం చిన్నగా ఉంటే టార్చ్ మరీ కిందికి దిగింది. ఎదురెదురు వైపుల్లో ఒకటి ఇటు, ఇంకొకటి అటు వాలితే టార్చే నిటారుగా లేదు. టార్చ్ గొట్టానికి రెండు దిక్కుల్లోనూ మూలమట్టం పెట్టి సరిచేయండి. ఇవేవీ కాకుండా ఒక్క వైపే పాడుగా ఉంటే టార్చ్‌ని హోల్డర్‌లో పావు చుట్టు తిప్పి మళ్ళీ కోయండి. పాడు అంచు కూడా పావు చుట్టు జరిగితే తప్పు నాజిల్‌లోనో ఎలక్ట్రోడ్‌లోనో ఉంది. జరగకుండా అక్కడే ఉంటే తప్పు టేబుల్‌లో ఉంది. పది నిమిషాల పని ఇది, రెండు రోజుల అయోమయం తప్పుతుంది.

అయితే పూర్తి నిలువు కోసం పట్టుపట్టకండి. ఎయిర్ ప్లాస్మాకి రెండు మూడు డిగ్రీలు సహజం. 10 ఎంఎం మందంలో మూడు డిగ్రీలంటే పైకీ కిందికీ అర ఎంఎం తేడా. వెల్డింగ్‌కి పోయే బేస్ ప్లేట్‌కి అదో లెక్కే కాదు. కస్టమర్ లేజర్ అంచు అడిగితే లేజర్ దగ్గరికే పంపండి, నేనూ పంపుతాను.

హైట్, టీహెచ్‌సీ (టార్చ్ ఎత్తుని తనంతట తానే సర్దే కంట్రోల్). నా మెషిన్ పుస్తకంలో కోసే ఎత్తు 1.5 ఎంఎం, పియర్సింగ్ (కోత మొదట్లో ప్లేట్‌కి రంధ్రం పొడవడం) ఎత్తు 3.8. మీ టార్చ్‌కి ఏముందో మీ పుస్తకం చూడండి, నా నంబర్లు ఎత్తి పెట్టకండి. పియర్సింగ్ కోసే ఎత్తులోనే చేస్తే కరిగిన ఇనుము ఎగిరి నాజిల్ మూతికే కొడుతుంది, ఆ మచ్చ పడ్డాక ఇక ఆ నాజిల్ నిటారుగా కోయదు. ఆర్క్ ప్లేట్‌ని పూర్తిగా దూసుకుపోకముందే టార్చ్ కదిలినా అదే జరుగుతుంది. ప్లేట్ కింద నిప్పురవ్వలు కనిపించాకే టార్చ్ కదలాలి, డిలే (టార్చ్ కదలకుండా ఆగే సమయం) దానికి తగ్గట్టు పెట్టుకోవాలి.

టీహెచ్‌సీ అనేది ఎత్తుని కొలవదు, ఆర్క్ వోల్టేజిని కొలుస్తుంది. వోల్టేజి పెరిగితే టార్చ్ ఎత్తులో ఉందనుకుని దించుతుంది, తగ్గితే ఎత్తుతుంది. దాదాపు 5 వోల్టులకి అర ఎంఎం ఎత్తు మారుతుందని గుర్తుంచుకోండి. ఎత్తు అర ఎంఎం మారితే ఏటవాలులో తేడా కంటికే కనిపిస్తుంది. అందుకని ఎవరో వాట్సాప్‌లో పంపిన వోల్టేజి నంబరు మీ మెషిన్‌కి పనికిరాదు. మీ నంబరు మీరే కనుక్కోండి: కొత్త ఎలక్ట్రోడ్, నాజిల్ వేసి, చదునైన ప్లేట్ పెట్టి, టీహెచ్‌సీ ఆపేయండి. కోసే ఎత్తు 1.5 అయితే ఆర్క్ వెలిగించకుండా టార్చ్‌ని దింపి, మూతి కింద 1.5 డ్రిల్ బిట్ పిడి దూరుతుందో లేదో చూసుకోండి. తర్వాత ఒక గీత కోస్తూ స్క్రీన్ మీద వోల్టేజి చదవండి. అదే ఆ మందానికి, ఆ ఆంప్స్‌కి, ఆ స్పీడ్‌కి మీ నంబరు.

ఇంకో మెలిక చాలామందికి తెలియదు. ఎలక్ట్రోడ్ అరిగేకొద్దీ ఆర్క్ లోపల పొడుగవుతుంది, అదే ఎత్తులో వోల్టేజి పెరుగుతుంది. టీహెచ్‌సీకి అది తెలియదు కదా, టార్చ్ పైకి పోయిందనుకుని కొంచెం కొంచెంగా దించుతూ పోతుంది. పొద్దున శుభ్రంగా వచ్చిన అంచు సాయంత్రానికి లోపలికి కోసుకుపోవడం, టార్చ్ మూతి ప్లేట్‌కి రాసుకోవడం, ఇదంతా అందుకే. రోజు మధ్యలో ఒకసారి ముక్క తీసి చూసి, వోల్టేజి రెండు మూడు పెంచడం మా షెడ్‌లో అలవాటు. మూలల దగ్గర, చిన్న రంధ్రాల్లో టీహెచ్‌సీ ఆపేసేలా కూడా పెట్టుకోండి. మెషిన్ నెమ్మదించినప్పుడు కోత వెడల్పయి వోల్టేజి పెరుగుతుంది, టీహెచ్‌సీ టార్చ్‌ని ఢామ్మని దించుతుంది.

గాలి గురించి ఎవరూ అడగరు, కానీ సగం రోగాలు అక్కడే ఉన్నాయి. ఒక వానాకాలం నాకు నాజిళ్ళు మామూలుగా వచ్చే దాంట్లో పావు వంతు కూడా రాలేదు. అంచు గరుకు, ఆర్క్ చిటపటలాడుతూ ఆకుపచ్చగా మెరవడం. నాజిళ్ళు అమ్మినతని మీద కేకలేశాను, డూప్లికేట్ అంటగట్టావని. అతను వచ్చి ఏమీ మాట్లాడకుండా కంప్రెసర్ ట్యాంక్ కింది డ్రెయిన్ తిప్పాడు. ముందు చుయ్‌మంది, తర్వాత తుప్పు రంగు నీళ్ళు, టీ డికాక్షన్‌లా, పావు బకెట్ దాకా వచ్చాయి. మావాడు రెండు వారాలుగా డ్రెయిన్ తీయలేదు. ఆ రోజు అతనికి టీ ఇప్పించి పంపాను, ఆ వారమే గాలిలో తేమ తీసే రిఫ్రిజిరేషన్ డ్రైయర్ కొన్నాను.

మీ గాలి ఎలా ఉందో చూడాలంటే మెషిన్‌లో గాలి మాత్రమే వదిలే సెట్టింగ్ పెట్టి, టార్చ్ మూతి కింద అద్దం ముక్క ఒక నిమిషం పట్టండి. తేమ పట్టినా, నూనె మరక పడినా గాలి పనికిరాదు. ప్రెషర్ కూడా గాలి వదులుతున్నప్పుడే చూడాలి, అదీ కంప్రెసర్ మీద కాదు, మెషిన్ వెనక. గాలి ఆగి ఉన్నప్పుడు 7 బార్ చూపించి, వదలగానే 4కి పడిపోయే షెడ్లు ఎన్నో చూశాను. 85 ఆంప్స్ క్లాస్ మెషిన్‌కి నిమిషానికి 190 లీటర్ల గాలి, 5.5 బార్ పైన, ఆగకుండా కావాలి. సన్న పైపు, చెత్త పట్టిన ఫిల్టర్, అదే లైన్ మీద స్ప్రే పెయింటింగ్ గన్, ఈ మూడింట్లో ఏదో ఒకటి దొంగ అయి ఉంటుంది.

నాజిల్, ఎలక్ట్రోడ్ సంగతి టూకీగా. ఎలక్ట్రోడ్ మూతిలో హాఫ్నియం అనే లోహం చుక్క ఉంటుంది, అది తినేసి గుంట పడుతుంది. నా టార్చ్‌కి 1.6 ఎంఎం లోతు హద్దు, మీ టార్చ్‌కి ఎంతో పుస్తకంలో ఉంటుంది. నాజిల్ రంధ్రాన్ని వెలుతురుకి పట్టి చూడండి, గుండ్రం తప్పినా, అంచు చిట్లినా తీసేయండి. రెండూ కలిపే మార్చండి. పాత ఎలక్ట్రోడ్‌కి కొత్త నాజిల్ వేస్తే కొత్తది కూడా త్వరగా పాతదాని దారి పడుతుంది. తీసిన నాజిళ్ళు పారేయకుండా డబ్బాలో ఉంచండి, గ్రిల్ పనికో, తుక్కు ముక్కలు చేయడానికో పనికొస్తాయి. మంచి అంచు కావాల్సిన పనికి మాత్రం వాటిని వాడొద్దు.

ఎర్త్ క్లాంప్ టేబుల్ కాలికి కాదు, ప్లేట్‌కే పెట్టండి, తుప్పు గీకి మరీ పెట్టండి. స్లాగ్ నిండిన పట్టీల మీద ప్లేట్ ఊగుతూ కూర్చుంటే కరెంటు సరిగ్గా పోదు, హైట్ కూడా నిలవదు. అంచు మీద సన్నని అలలు ఒకే ఎడంతో వస్తున్నాయా? ఆ ఎడం కొలవండి. టేబుల్‌ని నడిపే పళ్ళ పట్టీ (ర్యాక్) మాడ్యూల్ 1.5 అయితే పన్నుకీ పన్నుకీ మధ్య 4.7 ఎంఎం ఉంటుంది. మీ అలల ఎడం కూడా అంతే ఉంటే దాని మీద తిరిగే పళ్ళ చక్రం (పినియన్) వదులైందో, పళ్ళ మధ్య ఇనుప ధూళి ఇరుక్కుందో చూడండి. ఆంప్స్ ఎంత మార్చినా ఆ అల పోదు.

ఇక రంధ్రాలు. 10 ఎంఎం ప్లేట్‌లో 12 రంధ్రం ఎందుకు వద్దన్నానంటే, ఎయిర్ ప్లాస్మాతో ప్లేట్ మందానికి రెండింతలు ఉన్న రంధ్రం నిశ్చింతగా వస్తుంది, ఒకటిన్నర రెట్ల దాకా జాగ్రత్తగా తెచ్చుకోవచ్చు, అంతకంటే చిన్నదైతే అది రంధ్రం కాదు, గరాటు. పైన 12 ఉంటుంది, కింద 11 కూడా ఉండదు. బోల్టు ఎలా దిగుతుంది?

సైజు సరిపోయే రంధ్రాలకి కూడా పద్ధతి వేరు. ఇప్పటిదాకా స్పీడ్ పెంచమన్న నేనే ఇక్కడ తగ్గించమంటాను. చిన్న వృత్తంలో ఆర్క్ కొస ఎప్పుడూ వెనకబడి ఉంటుంది కాబట్టి పైన గుండ్రంగా, కింద వంకరగా వస్తుంది. మామూలు స్పీడ్‌లో అరవై శాతానికి దించితే కొస టార్చ్ కిందికి వస్తుంది. స్లాగ్ కొంచెం పడుతుంది, పడనివ్వండి, రంధ్రంలో గుండ్రం ముఖ్యం. రంధ్రం మధ్యలో పియర్స్ చేసి లీడ్ ఇన్‌తో (అక్కడి నుంచి అంచు దాకా వచ్చే చిన్న కోతతో) అంచుకి రండి. చుట్టు పూర్తయ్యాక మొదలైన చోటు దాటి ముందుకి పోనివ్వకండి. దాటితే ఆ చోట గాటు పడుతుంది, అక్కడే బోల్టు ఆగుతుంది.

మీ 12 రంధ్రాలకి నేనైతే డ్రిల్లింగే చేస్తాను. చాలామంది ప్లాస్మాతో చిన్న రంధ్రం పొడిచి దాన్ని డ్రిల్‌తో పెద్దది చేద్దామనుకుంటారు. వద్దు. గాలిలో ఉన్న నైట్రోజన్ కోసిన అంచులోకి ఎక్కి ఆ పొర గట్టిపడుతుంది, డ్రిల్ బిట్లు వరసగా మొద్దుబారతాయి. మర చెక్కే ట్యాప్ అయితే విరుగుతుంది, నాకు రెండు విరిగాయి. సెంటర్ మాత్రం గుర్తు పెట్టుకుని, పంచ్ కొట్టి, పచ్చి ప్లేట్‌లోనే డ్రిల్ వేయండి. అదే నైట్రోజన్ పొర వల్ల కోసిన అంచు మీద నేరుగా వెల్డింగ్ చేస్తే బీడ్‌లో సూదిబెజ్జాలు పడొచ్చు. వెల్డింగ్ అంచుని తళుక్కుమనేదాకా ఒకసారి గ్రైండ్ చేయించండి. ఆ ఇద్దరు కుర్రాళ్ళలో ఒకరికి అలా పని మిగులుతుంది లెండి.

స్టెయిన్‌లెస్ స్టీల్ మీరు అడగలేదు, ఒక్క ముక్క చెబుతాను. గాలితో కోస్తే అంచు నల్లగా, గరుకుగా వస్తుంది, అది మీ తప్పు కాదు. మెషిన్ ఒప్పుకుంటే నైట్రోజన్ పెట్టండి. అల్యూమినియం వాటర్ టేబుల్ మీద కోసే పని ఎవరైనా తెస్తే మాత్రం ఆలోచించండి. కరిగిన అల్యూమినియం నీళ్ళలో పడితే హైడ్రోజన్ పుడుతుంది, ప్లేట్ కింద చేరితే పేలుతుంది. దాని జాగ్రత్తలు తెలియకుండా ఒప్పుకోకండి.

మీ వరకు వరస ఇది: రేపు పొద్దున కంప్రెసర్ డ్రెయిన్ తీసి, కొత్త సెట్ వేసి, క్లాంప్ ప్లేట్‌కి మార్చి, ఆరు గీతల పరీక్ష చేయండి. తర్వాతే చదరం. అక్కడి నుంచి ఒకసారికి ఒకటే మార్చండి. మూడు కలిపి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, వచ్చే నెల మళ్ళీ ఇదే టెన్షన్.

అప్పటికీ తేలకపోతే ఇక్కడే ఫోటోలు పెట్టండి. టేబుల్ ఫోటోలు వద్దు. ముక్క అంచు దగ్గరగా ఒకటి, టార్చ్ నడిచిన దిక్కు సుద్దతో బాణం వేసి. కింది వైపు స్లాగ్ ఒకటి. తీసిన నాజిల్ మూతి, ఎలక్ట్రోడ్ మూతి పక్కపక్కన పెట్టి ఒకటి. వాటితో పాటు ఆంప్స్, స్పీడ్, గాలి వదులుతున్నప్పుడు మెషిన్ వెనక గేజి ఎంత చూపిస్తోందో రాయండి. కంప్రెసర్ మీద గేజి నంబరు రాస్తే మళ్ళీ అడుగుతాను.